మాణిక్యాంబగారి చురుకైన కాళ్లు

చెరువుగట్ల పరిరక్షణ మండలి కార్యాలయం కాకినాడలో సామర్లకోట రోడ్డు మీద ఒక మూడంతస్తుల మేడలో ఉంది. ఆ మేడకి లిఫ్టు లేదు. లిఫ్టు కోసం తవ్విన గుంత మాత్రం ఉంది. వానాకాలం అందులో నీళ్లు నిలుస్తాయి కాబట్టి మండలి దాన్ని తన పరిధిలోని చెరువుగా గుర్తించి, చుట్టూ చిన్న గట్టు కూడా పోయించింది.

కింది అంతస్తులో రోడ్డు వైపు గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చే పెద్ద గది ఒకటుంది. అందులో కుర్చీలుంటాయి. కూర్చునే కుర్చీలు కావు, కాళ్లు విరిగినవి. వాటిని వేలం వెయ్యాలంటే పై నుంచి అనుమతి రావాలి, అనుమతి వచ్చేదాకా వాటిని కదపకూడదు. ఆ విధంగా మండలిలో కాళ్లు బాగాలేని కుర్చీలు కింద, కాళ్లు బాగాలేని మనుషులు పైన ఉంటూ వచ్చారు. మాణిక్యాంబగారి మోకాళ్లు అరిగేదాకా ఇందులో ఎవరికీ వింతేమీ కనిపించలేదు.

మాణిక్యాంబగారు రెండో అంతస్తులో తపాలా విభాగం సూపరింటెండెంటు. భర్త పోయాక ఆవిడకి మిగిలిన సరదా ఒక్కటే. సాయంత్రం ఆఫీసు నుంచి నడుచుకుంటూ జగన్నాథపురం రేవుకి వెళ్లి, పడవలు ఒడ్డుకొచ్చే వేళకి అక్కడుండి, చేపలమ్మేవాళ్లతో కడుపునిండా బేరమాడి, ఒక చేప కొనుక్కుని ఇంటికెళ్లడం. చేప కంటే బేరమే ఆవిడకి రుచి. మోకాళ్లు మొరాయించడం మొదలెట్టాక ముందు రేవు దూరమైంది, తర్వాత మెట్లు ఎత్తయ్యాయి. ఎముకల డాక్టరు షకీలాగారు ఎక్స్‌రే చూసి, మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందని చెప్పారు. "మెట్లు తగ్గించుకోండమ్మా. ఇలాగే ఎక్కుతూ దిగుతూ ఉంటే రేపు నడక కూడా మిగలదు," అన్నారు. మాణిక్యాంబగారికి రేవు సంగతి గుర్తొచ్చింది.

మర్నాడే ఆవిడ డైరెక్టరు తారకేశ్వర్‌గారి గదికి వెళ్లారు. అది మూడో అంతస్తు.

తారకేశ్వర్‌గారు కొత్తగా వచ్చిన డైరెక్టరు. వచ్చేముందు ఏదో కొండ మీద రిసార్టులో సాక్ష్యాధారిత పరిపాలన మీద శిక్షణ పొంది వచ్చారు. అప్పట్నుంచీ ఆయన ఎవరి మాటనీ మాటగా తీసుకోవడం మానేశారు. ఎండ మండిపోతోందంటే ఎన్ని డిగ్రీలని అడిగేవారు. పక్కగదిలో పాము దూరిందని గుమాస్తాలు బల్లలెక్కి అరుస్తుంటే, అది పామేనని నిర్ధారించే అధికారం మనకుందా అని అడిగారు.

"కింది గదిలో ఒక మూల నా బల్ల వేయించండి సార్. ఆ విరిగిన కుర్చీల పక్కనే అయినా ఫరవాలేదు. మోకాళ్ల నొప్పులండి, మెట్లెక్కలేకపోతున్నాను," అన్నారు మాణిక్యాంబగారు.

"మేడమ్, మీకు నొప్పి లేదని నేననను," అన్నారు డైరెక్టరుగారు ఎంతో మర్యాదగా. "కానీ నొప్పి అనేది ఒక అభిప్రాయం. మండలి అభిప్రాయాల మీద నడవదు."

"మండలి సంగతి నాకు తెలీదండి. నేను నడవలేకపోతున్నాను."

"ఆధారం?"

ఆవిడ ఎక్స్‌రే తీసి చూపించారు. డైరెక్టరుగారు దాన్ని కిటికీ వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది మీరు కదలకుండా ఉన్నప్పుడు తీసింది. మీ విన్నపమేమో నడకకి సంబంధించింది. స్థిర సాక్ష్యంతో చలన నిర్ణయం తీసుకోవడం పరిపాలనకి విరుద్ధం మేడమ్. నడుస్తున్నప్పుడు మీ కాలి కండరాలు ఎంత పనిచేస్తున్నాయో కొలవాలి. పని తక్కువైతే కాలు బలహీనం. అప్పుడు కింది గది. అంతా పారదర్శకం."

నెల తిరక్కుండా యంత్రం వచ్చేసింది. దానికి ఏసీ కావాలి. ఏసీ ఉన్నది మూడో అంతస్తులోని సమావేశ మందిరంలో ఒక్కచోటే. కాబట్టి మెట్లెక్కలేనివాళ్లు తాము మెట్లెక్కలేమని రుజువు చేసుకోవడానికి మూడో అంతస్తుకి ఎక్కి రావాలని నోటీసు బోర్డులో పెట్టారు.

మాణిక్యాంబగారు మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, ప్రతి మలుపులోనూ ఆగి, ఎక్కి వచ్చారు. యంత్రంతో పాటు రుత్విక్ అనే కన్సల్టెంటు కూడా వచ్చాడు. యంత్రం తీగల బిళ్లలు ఎక్కడెక్కడ అంటించుకోవాలో అతను చెబుతుంటే, ఆవిడ తెర చాటుకి వెళ్లి తొడ ముందొకటి, వెనకొకటి, పిక్క మీద ఒకటి అంటించుకుని, తీగలు చీర అంచు కింద నుంచి బయటికి వదిలారు. ఆరోగ్యవంతుడి నడకతో పోల్చి చూడాలి కాబట్టి అటెండరు నూకరాజుని కూడా పిలిచారు. నూకరాజు కబడ్డీ ఆటగాడు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతాడు, దిగేటప్పుడు గంతులేస్తాడు.

ముందు నూకరాజు నడిచాడు. యంత్రం తెర మీద గీత అడుగు పడినప్పుడల్లా ఒక్కసారి ఎగిరి, మళ్లీ చదునుగా పడుకుంది. మంచి కాలు అంతే. అవసరమైన క్షణంలో బిగుసుకుని, ఆ వెంటనే వదిలేస్తుంది.

తర్వాత మాణిక్యాంబగారు నడిచారు. అడుగు తియ్యకముందే గీతలు లేచాయి. తొడ ముందు కండరం, వెనక కండరం, పిక్క అన్నీ ఒక్కసారే బిగుసుకుని, అరిగిన మోకాలిని అటూ ఇటూ గట్టిగా పట్టుకుని, అడుగు పూర్తయినా వదలకుండా అలాగే ఉండిపోయాయి. తెర నిండిపోయింది. రుత్విక్ గబగబా తెర మీది కొలమానం పెంచితే అది కూడా చాల్లేదు.

డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఏమిటిది? ఈ గీత కిందకి దిగదే!"

"దిగట్లేదు సార్. అసలు రెస్టే తీసుకోవట్లేదు," అన్నాడు రుత్విక్.

"అంటే అర్థం?"

"నేను కొలుస్తానంతే సార్. అర్థం చెప్పడం నా కాంట్రాక్టులో లేదు."

అర్థం డైరెక్టరుగారే చెప్పుకున్నారు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "విరామం ఎరగని కండరాలు! ఈ మండలిలో అడుగుపెట్టాక ఇంత కష్టపడి పనిచేసేదాన్ని నేను చూడ్డం ఇదే మొదలు."

"కష్టపడుతోంది కాబట్టేనండి నొప్పి," అన్నారు మాణిక్యాంబగారు గోడకి చేరబడుతూ.

"వినయం కూడా!" అన్నారు డైరెక్టరుగారు.

వారం తిరిగేసరికి ఉత్తర్వు వెలువడింది. శ్రీమతి మాణిక్యాంబగారిని 'అత్యంత క్రియాశీల' శ్రేణిలోనూ, శ్రీ నూకరాజుని 'అలస కండర' శ్రేణిలోనూ చేర్చడమైనది. ఇంత చురుకైన కాళ్లని బల్ల కింద దాచిపెట్టడం వనరుల దుర్వినియోగం కాబట్టి మాణిక్యాంబగారు తపాలా పనితో పాటు ఇకపై గట్ల తనిఖీకి కూడా వెళ్లవలెను. నూకరాజు కండరాలు శిథిలావస్థలో ఉన్నందున అతడు మెట్లెక్కరాదు, కింద గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని విశ్రాంతి తీసుకొనవలెను.

నూకరాజు ఉత్తర్వు చదివి ఘొల్లుమన్నాడు. "నాకేటైందండి అమ్మగారూ? నిన్న రాత్తిరి కూడా ఇద్దర్ని ఎత్తి అవతల పారేసేనండి!"

"నీకేం కాలేదురా. అయ్యింది నాకు," అన్నారు మాణిక్యాంబగారు.

ఆవిడ ఊరికే ఊరుకోలేదు. షకీలాగారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పారు. షకీలాగారు ముందు పడీపడీ నవ్వి, తర్వాత కోపమొచ్చి, డైరెక్టరుకి ఫోను చేశారు. ఫోను స్పీకరులో ఉంది కాబట్టి మాణిక్యాంబగారికి అంతా వినిపించింది.

"సార్, ఆవిడ కండరాలు బలంగా లేవు. భయంతో బిగుసుకుపోతున్నాయి. కీలు పట్టు తప్పుతోందని చుట్టూ చేరి కాపలా కాస్తున్నాయి. అలా బిగపట్టడం వల్ల మోకాలి మీద ఇంకా బరువు పడుతుంది. మీరు కొలిచింది చురుకుదనం కాదు, అవస్థ."

"కాపలా కాస్తున్నాయని మీరే అంటున్నారు కదా డాక్టరుగారూ," అన్నారు అవతలి నుంచి డైరెక్టరుగారు. "కాపలా కూడా ఉద్యోగమే. మా మండలిలో రాత్రి వాచ్‌మన్లు కూడా ఇంత శ్రద్ధగా చెయ్యరు."

షకీలాగారు ఫోను పెట్టేసి, మోకాలికి ఒక పట్టీ ఇచ్చి, "గట్ల మీద నడిచేటప్పుడు జాగ్రత్తమ్మా," అన్నారు. అంతకు మించి చెయ్యడానికి ఆవిడ చేతుల్లో ఏమీ లేదు.

ఆ రోజు నుంచి మాణిక్యాంబగారు పొద్దున్నే జీపెక్కి ఏ పెద్దాపురం వైపో వెళ్లడం, వాలుగా ఉన్న మట్టిగట్టు మీద అడుగులో అడుగు వేసుకుంటూ ఒక కొస నుంచి ఇంకో కొసకి నడవడం, గట్టు ఉన్నచోటే ఉందని ధ్రువీకరించి మళ్లీ వచ్చి రెండో అంతస్తుకి ఎక్కడం మొదలుపెట్టారు. సాయంత్రానికి ఇల్లు చేరితే చాలనిపించేది. రేవు మాట తలుచుకోవడమే మానేశారు. ఒకనాడు వీధిలో చేపలమ్మి కేకేస్తే, అడిగినంతా ఇచ్చి కొనేశారు. ఆ రాత్రి ఆవిడకి కూర సయించలేదు, ఏడుపు కూడా వచ్చింది.

ఇంతలో డైరెక్టరుగారు ఇంకో అడుగు ముందుకేశారు. ఇకపై పదోన్నతులకి కండర శ్రేణినే ప్రాతిపదికగా తీసుకుంటామని ప్రకటించారు. అప్పటిదాకా మాణిక్యాంబగారిని చూసి పాపం అనుకున్న ఆఫీసంతా ఆ సాయంత్రం నుంచి ఆవిడ నడకని ఆత్రంగా చూడ్డం మొదలెట్టింది. కమ్మీ మీద చెయ్యి ఎక్కడ వేస్తారు, ఏ కాలు ముందు పెడతారు, ఎక్కడ ఆగుతారు అని మెట్ల కింద నిలబడి గమనించేవాళ్లు. ఆఖరికి మధ్యాహ్నం టిఫిను డబ్బాల వేళ అందరూ కలిసి ఆవిడ బల్ల చుట్టూ చేరారు.

"మేడమ్‌గారండీ, మీరు ఆ నడక ఎలా నడుత్తారో కాత్త మాక్కూడా చెప్పండీ. ఎంత ప్రయత్నించినా మా గీత లేవట్లేదండి," అన్నాడు లెక్కల విభాగం గుమాస్తా.

మాణిక్యాంబగారు పెరుగన్నం కలుపుతూ ఆలోచించారు. "ఏముంది నాయనా. అడుగు వేసేముందు భయపడాలి. ఈ కాలు నన్ను మొయ్యదేమోనని అనుకోవాలి. అలా ప్రతి అడుక్కీ అనుకోవాలి. అంతే."

గుమాస్తా అది చేతి మీద రాసుకున్నాడు.

భయం అంత తేలిగ్గా పట్టుబడలేదు. కొందరు చెప్పుల్లో చింతపిక్కలు వేసుకున్నారు. కొందరు మోకాళ్లకి తువ్వాళ్లు బిగించి కట్టారు. గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని కూర్చుని పిచ్చెక్కిన నూకరాజు చింతపిక్కలతో సరిపెట్టుకోక కంకర్రాళ్లు వేసుకుని, దొంగతనంగా మూడో అంతస్తుకి వెళ్లి పరీక్ష చేయించుకుని, మళ్లీ అలసుడిగానే దిగొచ్చాడు. "నాకు నొప్పి రావట్లేదండమ్మగారూ, నా బతుకింతేనండి," అని వాపోయాడు. కానీ మిగతావాళ్లు పట్టు వదల్లేదు. కాళ్లు బిగపట్టి, పళ్లు బిగపట్టి, పొద్దస్తమానం కుంటగా కుంటగా గీతలు లేవసాగాయి. అప్పుడు డైరెక్టరుగారికి దిగులు పట్టుకుంది. కొలిపించుకుని చూస్తే ఆయన గీతా నూకరాజు గీతా ఒక్కలాగే ఉన్నాయి. అధికారి కండరం కింది ఉద్యోగి కండరం కంటే అలసంగా ఉండటం పరిపాలనకి మంచిది కాదు. మర్నాటి నుంచి ఆయన కూడా కుంటడం మొదలెట్టారు, హోదాకి తగ్గట్టు నిదానంగా, మెట్టుకో మూలుగు చొప్పున. గుమాస్తాలు ఆయన కంటే గట్టిగా మూలగకుండా జాగ్రత్తపడేవాళ్లు.

ఆ రోజుల్లోనే మండలి చైర్మన్ సత్తిరాజుగారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది.

సత్తిరాజుగారు కారు దిగారు. ఒక చెయ్యి గన్‌మన్ భుజం మీద, రెండో చెయ్యి కారు తలుపు మీద వేసి, ముందు కుడికాలు, కాసేపటికి ఎడమకాలు కింద పెట్టారు. ఎన్నికల్లో ఊరూరా తిరిగి తిరిగి ఆయన మోకాళ్లు కూడా ఏనాడో అరిగిపోయాయి. ఆ సంగతి డైరెక్టరుగారికి తెలీదు. దండ పట్టుకుని కుంటుకుంటూ ఎదురెళ్లారు. వెనక సూపరింటెండెంట్లు కుంటుకుంటూ, వాళ్ల వెనక గుమాస్తాలు కుంటుకుంటూ, అంతా కలిసి ఒకే తాళంలో చైర్మన్‌గారిని చుట్టుముట్టారు.

సత్తిరాజుగారి మొహం ఎర్రబడింది. "ఏటయ్యా ఇది? నన్నే ఎక్కిరిత్తన్నారా?"

"అయ్యో సార్, ఇది సామర్థ్యం!" అని డైరెక్టరుగారు జరిగినదంతా వివరించారు. "తమరు మూడో అంతస్తుకి విచ్చేస్తే తమ కండరాలు కూడా కొలిచి, ప్రథమ శ్రేణి ప్రకటించి..."

సత్తిరాజుగారు తలెత్తి మెట్ల వరస చూశారు. ఆ చూపు మాణిక్యాంబగారికి బాగా తెలుసు. ఆవిడ అప్పుడే గట్టు తనిఖీ నుంచి వచ్చి, చెప్పులకి మట్టితో, మెట్ల మొదట్లో నిలబడి ఉన్నారు. రోజూ పొద్దున్న ఆవిడ అలాగే చూస్తారు.

"మెట్లూ వొద్దు, ఏం వొద్దు. కిందనే కూకుంటాను. ఆ గది తెరవండి," అన్నారు చైర్మన్‌గారు.

తాళం తీశారు. గదినిండా కుర్చీలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ముందున్నది ఒక్కటే కాస్త నిటారుగా నిలబడి ఉంది. సత్తిరాజుగారు అమ్మయ్య అని దాని మీద కూర్చోబోయారు.

"సార్! కూర్చోకండి!" అని కేకేసి డైరెక్టరుగారు కుంటడం మర్చిపోయి ఒక్క గెంతులో వచ్చి ఆయన్ని పట్టుకున్నారు. "అది కాలు విరిగిన కుర్చీ సార్."

మెట్ల దగ్గర నుంచి మాణిక్యాంబగారు నెమ్మదిగా గుమ్మం దాకా వచ్చారు. "పరీక్ష చేయించారా అండీ?"

"దేనికి?"

"ఆ కుర్చీకండి. కాలు విరిగిందని అంటున్నారు కదా. ఆధారం?"

డైరెక్టరుగారికి చిరాకేసింది. "కుర్చీకి ఆధారమేమిటి మేడమ్? చూస్తే కనపడ్డం లేదూ?"

లెక్కల గుమాస్తా తన చెప్పుల వంక చూసుకున్నాడు.

"కనపడుతోందండి," అన్నారు మాణిక్యాంబగారు. "నాదీ కనపడుతోందనే ఇన్నాళ్లూ అనుకున్నాను." అంతమందిలో అలా అనేసినందుకు ఆవిడకి సిగ్గేసింది గాని, మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

సత్తిరాజుగారు మోకాలు నిమురుకుంటూ ఆవిడ మట్టి చెప్పుల్నీ, గుమ్మం పట్టుకున్న చేతినీ చూశారు. "ఈవిడకి ఇక్కడే సీటెయ్యండయ్యా. ఇయ్యాలే," అన్నారు.

"చిత్తం సార్. కానీ ఒక చిన్న ఇబ్బంది," అన్నారు డైరెక్టరుగారు. "నిబంధన ప్రకారం ఈ గదిలో కాళ్లు విరిగిన ప్రభుత్వ సామాను తప్ప మరేదీ ఉండరాదు."

"అయితే ఆ సామాన్లోనే రాసుకోండి!"

చైర్మన్‌గారు కోపంలో అన్నమాట మండలిలో ఆదేశమైంది. కాళ్లు విరిగిన కుర్చీల జాబితాలో చివర ఒక వరస చేర్చి, మాణిక్యాంబగారి బల్ల కిటికీ పక్కన వేశారు. నూకరాజు దాన్ని రెండో అంతస్తు నుంచి ఒక్కడే ఎత్తుకుని దించేశాడు. ఎవరూ అతన్ని ఆపలేదు. తపాలా కూడా ఇకపై కిందే తీసుకోవడం వల్ల ఊళ్లోవాళ్లకీ మెట్ల బాధ తప్పింది. సామాను గట్ల తనిఖీకి వెళ్లకూడదు కాబట్టి ఆ పని కూడా నూకరాజుకే వచ్చింది. అతను గట్ల మీద పరుగులు తీస్తున్నాడని వినికిడి.

ఆ ఏడాది సామాను సరిచూసే అధికారి వచ్చి, కుర్చీలన్నీ తట్టి చూసుకుంటూ కిటికీ దాకా వచ్చాడు.

"ఇక్కడ ఇంకోటి ఉండాలే?"

"నేనేనండి," అన్నారు మాణిక్యాంబగారు కవరు మీద స్టాంపు అంటిస్తూ.

"కాళ్లు?"

"రెండూనండి."

"పరీక్ష రిపోర్టు?"

"సామానుకి పరీక్ష ఉండదండి. చూసి రాసుకోవడమే."

ఆయన చూసి రాసుకున్నాడు. నూకరాజుకి మాత్రం భయం పోలేదు. "అమ్మగారండీ, ఏలానికి అనుమతొచ్చేత్తే ఎలాగండీ?" అన్నాడు. ఇన్నేళ్లు రానిది తన రిటైర్మెంటులోపు రాదులే అన్నారావిడ.

సాయంత్రాలు ఆవిడ మళ్లీ రేవుకి వెళ్తున్నారు, ఆగి ఆగి, సగం దూరం రిక్షాలో. బేరంలో మాత్రం పూర్వం కంటే పదునెక్కారు.

పైన ఇంకా కొన్నాళ్లు కుంటుతూనే ఉన్నారు. పదోన్నతులు ఎవరికీ రాలేదు, నెలల తరబడి కాళ్లు బిగపట్టి మెట్లెక్కినందుకు సగం మందికి మోకాళ్ల నొప్పులు మాత్రం వచ్చాయి. ఒకనాటి మధ్యాహ్నం కింది గది గుమ్మంలో డైరెక్టరుగారు నిలబడ్డారు. చేతిలో ఒక ఎక్స్‌రే కవరు ఉంది. మూలుగు లేదు, హోదా లేదు. తలుపు పట్టుకున్న చెయ్యి మాత్రం తెల్లబడిపోయింది.

"మేడమ్, మీ పక్కన ఇంకో బల్లకి చోటుంటుందా?" అని అడిగి, తడబడుతూ కవరు ముందుకి చాపారు. "ఆధారం తెచ్చానండి."

మాణిక్యాంబగారికి చెప్పాల్సిన మాటలు చాలానే ఉన్నాయి. గట్ల మీద ఒంటరిగా నడుస్తూ వాటిని బాగా సానపెట్టుకున్నారు కూడా. కానీ ఆయన కాలు కింద ఆనీ ఆననట్టు ఉండటం చూసేసరికి అవేవీ నోటికి రాలేదు. ఆవిడ కవరు అందుకోలేదు.

"అది లోపల పెట్టుకోండి. కనపడుతోంది," అన్నారు. "రండి, కూర్చోండి. దాని మీద కాదండీ బాబూ, అది కాలు విరిగింది."